మా అన్న జుట్టూ, మా వాడి బొడ్డూ

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. మా అన్న శరణ్ ఏదో ఒక రోజు తనను తాను ఏమైనా చేసుకుంటాడేమోనని. కారణం తాగుడు కాదు, జూదం కాదు, పంట పోవడం కాదు. జుట్టు.

నవ్వండి. మొదట్లో నేనూ నవ్వాను. పది నెలల పిల్లవాడి తల్లికి భయాలకు కరువుండదు. వాడు తుమ్మితే భయం, తుమ్మకుండా ఎక్కువసేపు పడుకున్నా భయం. కానీ అవన్నీ వచ్చి పోయేవి. అన్న గురించిన భయం అలా పోదు. పొయ్యి మీద పాలు పెట్టి నిలబడితే అదీ పక్కన నిలబడుతుంది.

బళ్ళారి జిల్లా తెక్కలకోట బస్టాండుకు ఎదురుగా మాకు ఫ్యాన్సీ అంగడి ఉంది. నాయన పెట్టింది. దువ్వెనలు, రిబ్బన్లు, క్లిప్పులు, సవరాలు, తలనూనెలు, షాంపూ పొట్లాలు. జుట్టున్నవాళ్ళకు కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయి. అమ్మేవాడికి మాత్రం జుట్టు లేదు. దేవుడు పొద్దుపోనప్పుడు మా ఇంటి మీద ఇలాంటి హాస్యాలు చేస్తుంటాడు.

అమ్మ మంచాన పడినప్పుడు నేను ఎస్సెల్సీతో బడి మానేశాను. అంతకుముందు బడికి పోయే రోజుల్లో నాకు రెండు జడలు వేసింది అన్నే. అంగట్లో రిబ్బన్లు కోసి కోసి తన చేతికి ఆ పని వచ్చేసింది. పొద్దున వేసిన జడ సాయంత్రం దాకా కదిలేది కాదు. అమ్మా నాయనా ఇద్దరూ పోయాక నన్ను బళ్ళారికి, ధాన్యం వ్యాపారం చేసే గురురాజకు ఇచ్చి పెళ్లి చేసిందీ అన్నే. ఆ పెళ్లి ఫోటోల్లో అన్న నెత్తిన ఇంకా కాస్త జుట్టుంది. అన్న ఆ ఆల్బం తెరిస్తే పెళ్లికూతుర్ని చూడడు, తన నెత్తినే చూసుకుంటాడు.

ఇరవై నాలుగో ఏట మొదలైంది రాలడం. ఇప్పుడు ముప్పై. ఒకరోజు కాలేజీ అమ్మాయిలు నలుగురు అంగడికి వచ్చారట. ఒకమ్మాయి నూనె సీసా తిప్పి తిప్పి చూసింది.

"అన్నా, ఇది బాగా పనిచేస్తాదా?"

"చేస్తాది పాపా. అందరూ ఇదే కొంటాండారు."

"నువ్వు పూసుకున్యావా?"

మిగతా ముగ్గురూ నోటికి చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. పక్కనే టీ అంగడి నడిపే కొట్రేశ్ ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"పూసుకోల్యామ్మా, తాగినాడు. అందుకే లోపలికి మొలిచినాది!"

అన్న కూడా నవ్వాడట. నవ్వి, సీసా కాగితంలో చుట్టి ఇచ్చాడు. మర్నాటి నుంచి టోపీ పెట్టాడు.

పెళ్లిచూపులు మూడు జరిగాయి. మూడోది సిరుగుప్పలో. ఇంట్లోకి వెళ్లగానే పెద్దవాళ్ళు కనబడ్డారు కదా అని అన్న టోపీ తీసి నమస్కారం పెట్టాడు. పిల్ల అవ్వ మంచం మీద నుంచి తల ఎత్తి చూసింది.

"రాప్పా, కూర్చో. పిల్లోడు యాడ? ఎనక వస్తాండాడా?"

ఆ ఇంటాయన, "అవ్వకు చూపు ఆనదు, ఏమనుకోవద్దండి" అన్నాడు. చూపు ఆనని మనిషికే ఇంత స్పష్టంగా కనబడితే, ఆనేవాళ్ళకు ఇంకెంత కనబడుతుందోనని అన్న బస్సులో దారంతా ఆలోచించాడు. తర్వాత ఇంకెవరింటికీ రానన్నాడు.

టోపీ కింద తల ఉంటే, టోపీ ముందు ఫోను ఉండేది. ఆ ఫోనులో రోజూ ఒక వార్త. ఎక్కడో పరదేశంలో స్టెమ్ సెల్‌తో జుట్టు మొలిపించారని. ఆ మాటకు అర్థం నాకు తెలియలేదు. అన్నే చెప్పాడు. ఒంట్లో అన్నిటికీ మూలమైన కణాలట, ఎక్కడ పెడితే అక్కడి పని చేస్తాయట. మా ఇంట్లో అలాంటి పని చేసేదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. ఒకరోజు అన్న నాకు ఎలుక ఫోటో చూపించాడు. వీపు మీద నల్లగా కుచ్చు.

"చూడు పాపా, ఎలుక్కి వచ్చినాది."

"ఎలుక్కి ముందే ఉండాది కదన్నా?"

"గొరిగి మల్లా మొలిపిచ్చినారు. ఇంక ఐదేండ్లలో మనుషులకూ వస్తాదంట."

ఐదేళ్లు అని వాళ్ళు చెప్పడం అన్నకు ఇరవై నాలుగున్నప్పుడు విన్నాను. ఆరేళ్లయింది. ఇంకా ఐదేళ్లే మిగిలాయి.

అలా కాచుకుని ఉన్న మనిషికి బళ్ళారిలోనే అది వచ్చిందని బోర్డు కనబడితే ఆగుతాడా? ఒక మొబైల్ అంగడి పైన, గాజు తలుపుల వెనక క్లినిక్కు పెట్టారు. మొదటిసారి పిల్లవాణ్ని చంకన వేసుకుని నేనూ తోడు వెళ్లాను. గోడ నిండా జంట ఫోటోలు, ముందు, తర్వాత అని. ముందు ఫోటోలో ప్రతి మనిషీ దిగులుగా ఉన్నాడు, తర్వాత ఫోటోలో నవ్వుతున్నాడు. ఆ ముందు ఫోటోలోనే కాస్త నవ్వమని ఉంటే సగం జబ్బు అక్కడే నయమయ్యేది.

తెల్ల కోటు వేసుకున్న సారు వచ్చాడు. డాక్టరో కాదో కోటు చెప్పదు. "ఇది మీ ఓన్ స్టెమ్ సెల్ శరణ్. ప్యూర్. సైడ్ ఎఫెక్ట్ బిల్కుల్ ఉండదు" అన్నాడు.

"సైడుది సరే సార్," అన్నాను నేను, "ఎఫెక్టు ఎప్పుడుంటాది?"

కోటు సారు నా వైపు చూడకుండా అన్నతో, "ఇంట్లోవాళ్ళు నెగెటివ్ మాట్లాడితే రిజల్ట్ లేటవుతుంది" అన్నాడు. అన్న నన్ను చూసిన చూపుకు నేను నోరు మూసుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడూ తెరవలేదు. అదే నేను చేసిన మొదటి తప్పు.

ప్రతి గురువారం అన్న అంగడి మూసి బళ్ళారి వచ్చేవాడు. చేతిలోంచి నెత్తురు తీసి, మిషన్లో తిప్పి, దాన్నే నెత్తికి సూదులతో గుచ్చేవారు. అక్కడి నుంచి మా ఇంటికి వచ్చి భోజనం చేసి సాయంత్రం బస్సుకు వెళ్లేవాడు. నెత్తంతా ఎర్రగా, దోమలు అక్కడే పెళ్లి చేసుకుని విందు పెట్టినట్టు ఉండేది. మా అత్త యశోదమ్మ వడ్డిస్తూ అడిగేది.

"ఏం శరణప్పా, మొలిచినాయా?"

"ఇంగా రెండు నెలలు పడతాదంట అత్తమ్మా."

"మెంతికూర చల్లింటే ఈపాటికి నాలుగు కోతలు కోసిందుము."

మా ఆయన అన్నంలో తల దూర్చి నవ్వేవాడు. అన్న కూడా నవ్వి, ఇంకాస్త చారు పోయించుకునేవాడు. అందరూ తనను చూసి నవ్వేటప్పుడు తనూ నవ్వడం మా అన్నకు బాగా అలవాటు. దాన్ని చూసి అన్నకు ఏమీ పట్టదనుకుంటారు.

నాకు తెలుసు పడుతుందని. రోజూ పొద్దున ఏడింటికి, అదే కిటికీ దగ్గర నిలబడి, నెత్తి ఫోటో తీసి నాకు పంపేవాడు. కింద ఒకే ప్రశ్న. "కుడిపక్క ఏమైనా తేడా ఉండాదా?" నేను పిల్లవాడికి పాలిస్తూ ఒంటిచేత్తో ఫోటో పెద్దది చేసి చూసేదాన్ని. నిన్నటి నెత్తే. మొన్నటి నెత్తే. "నల్లగా కనపడతాండాదన్నా" అని పెట్టేదాన్ని. ఒకరోజు పిల్లవాడికి విరేచనాలై ఫోను చూడలేదు. మధ్యాహ్నానికి పదకొండుసార్లు ఫోను చేశాడు. ఏమీ లేదు, జవాబు రాకపోతే నాకు నచ్చలేదేమోనని అంగడి తెరవలేదట. అప్పుడు నాకు తెలిసింది. ఆ మనిషి రోజు గడవడం నా అబద్ధం మీద ఆధారపడి ఉంది. అలాంటప్పుడు అబద్ధం ఎలా మానాలి?

ఆరు నెలలైనా ఏమీ మొలవలేదు. మందు పనిచేయలేదని కోటు సారు అనడు కదా. తప్పు అన్న మీదకే నెట్టాడు.

"నా సెల్స్‌కు వయసైపోయినాదంట," అన్నాడు అన్న, ఆ గురువారం మా వంటింటి గడప మీద కూర్చుని. "కొత్తగా పుట్టిన పిల్లోల్ల బొడ్డు పేగులో ఉంటాయంట చూడు, అవి ఫ్రెష్ అంట. పెద్దపెద్దోల్లు కాన్పప్పుడే తీసి బ్యాంకులో దాస్తారంట. అట్లా ఎవురన్నా దాచింటే అదృష్టం అన్న్యాడు."

అని, కిందికి చూశాడు. మా వాడు బండల మీద పాకుతున్నాడు. వాడి మొలతాడుకున్న వెండి తాయెత్తు బండకు తగిలి టక్కు టక్కుమంటోంది.

మా వైపు పిల్లవాడి బొడ్డు ఊడగానే పారేయరు. ఎండబెట్టి వెండి తాయెత్తులో పెట్టి మొలకు కడతారు. దిష్టి తగలదని, కడుపు నొప్పి రాదని. ఆ తాయెత్తు తేవలసింది మేనమామ. మా అన్నే తెచ్చాడు, మరతిప్పి తీసే మూతతో, బళ్ళారి బజారంతా తిరిగి ఎంచి మరీ. లోపల ఏముందో, మూత ఏ పక్కకు తిప్పాలో మా ఇంట్లో అందరికన్నా తనకే బాగా తెలుసు.

అన్న అడగలేదు. టీ చల్లారేదాకా తాయెత్తునే చూశాడు, తర్వాత లోటాలోకి చూశాడు. అడిగి ఉంటే తిట్టేదాన్ని. అడగకపోవడమే నన్ను పట్టుకుంది.

"అన్నా," అన్నాను నేనే, "ఎండిపోయినా పనికొస్తాదా?"

ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఎండిన కందిగింజ నానబెడితే మొలుస్తుంది కదా అనుకున్నాను. అన్న కూడా అదే అనుకున్నాడు. ఇద్దరం ఒక్క అమ్మ కడుపున పుట్టినవాళ్ళం.

ఆ సాయంత్రమే అత్త భజనకు వెళ్లినప్పుడు మూత తిప్పాను. అచ్చం లవంగంలా ఉంది, నల్లగా, ముడుచుకుని. ఖాళీ తాయెత్తు కదిపితే చప్పుడు రాదు, అత్తకు తెలిసిపోతుంది. అందుకని పోపుల డబ్బాలోంచి లవంగం తీసి అందులో పెట్టాను. బొడ్డును చిన్న కుంకుమ భరిణెలో పెట్టి అన్నకు ఇచ్చాను. వచ్చే వారం దాకా ఆగనన్నాడు. అప్పుడే వెళ్లాడు, మెట్లు రెండేసి దిగుతూ.

అక్కడ ఏం జరిగిందో అన్న నాకు చెప్పలేదు. అక్కడి పనివాడెవడో తీసి అందరికీ తిప్పిన వీడియో మర్నాడు కొట్రేశ్ నాకూ పంపితే చూశాను. కోటు సారు కుర్చీలో ఉన్నాడు. ఎదురుగా అన్న, టోపీ లేకుండా, నెత్తి మీద ట్యూబులైటు మెరుస్తూ, అరచేతిలో మా ఇంటి భరిణె పట్టుకుని నిలబడ్డాడు. తీసేవాడి చెయ్యి నవ్వుకు ఊగిపోతోంది.

"ఏంటిది?"

"మా మేనల్లుని బొడ్డు సార్."

"దీన్ని నేనేం చేసుకోవాలి?"

"మీరే చెప్తిరి కద సార్. అందులో ఉంటాయని."

కోటు సారు పక్కనున్నవాళ్ళ వైపు తిరిగి కన్నడంలో, "నోడ్రీ, ఎంథా జన!" అన్నాడు. చూడండి ఎలాంటి మనుషులో అని. తర్వాత అన్నతో, "చదువుకున్నట్టు కనబడతావు. ఈ కాలంలో కూడా ఇంత మూఢనమ్మకమా?" అన్నాడు.

పది నెలల నాటి బొడ్డుతో జుట్టు మొలుస్తుందనుకోవడం మూఢనమ్మకం. ఆరు నెలలు నెత్తికి సూదులు గుచ్చి మొలుస్తుందని చెప్పడం సైన్సు. రెండింటికీ తేడా నాకు తెలిసినంతలో ఒక్కటే, రెండోదానికి ఏసీ ఉంటుంది. మా భరిణె నమ్మకంతో మేము ఎవరినీ మోసం చేయలేదు. ఎవరి ముఖమూ ఊరంతా తిప్పలేదు.

అన్న బస్సు కన్నా ముందే ఆ వీడియో తెక్కలకోట చేరింది. శనివారం అన్న అంగడి తెరిచాడట. బస్సు దిగినవాళ్ళు దిగినట్టే వచ్చి, "ఏం శరణ్, మొలిచినాడా అల్లుడు?" అని అడిగి పోయారట. కొనడానికి ఎవరూ రాలేదు.

ఆదివారం పొద్దున అన్న ఫోను చేశాడు. నేను ఎత్తి "అన్నా" అన్నానో లేదో, స్నానాల గదిలో పిల్లవాడికి నీళ్లు పోస్తున్న అత్త కేక వేసింది. ఫోను మంచం మీద పడేసి పరుగెత్తాను.

"ఏమే వినూతా, పిల్లోని మొలకాడ బిర్యానీ వాసన వస్తాదేందే?"

"ఏం లేదత్తా, దిష్టికి..."

అప్పటికే మూత తిప్పింది. తడి అరచేతిలో లవంగం.

"బొడ్డేదే?"

పిల్లవాణ్ని తువ్వాలులో చుట్టి మంచం దగ్గరికి తెచ్చి, తుడుస్తూ, ఏడుస్తూ అంతా చెప్పాను. మా ఆయన గడ్డం గీసుకోవడం ఆపి గుమ్మంలో నిలబడి విన్నాడు. అత్త లవంగాన్ని, నన్ను మార్చి మార్చి చూసింది.

"వాని నెత్తిమీద నా మనవడు మొలుస్తాడనుకున్యారా ఇద్దురూ?"

మా ఆయన పగలబడ్డాడు. సబ్బు నురగ గోడ మీద పడింది. అత్త ఆపుకోవాలని చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. నన్నూ పట్టేసింది నవ్వు. మూడు రోజులుగా దాచుకున్నదంతా నవ్వై బయటికి వచ్చింది. ఏడుపు ఆగకుండానే నవ్వాను. "కుడిపక్క నల్లగా కనపడతాండాదని చెప్తాంటినత్తా రోజూ, ఒక్కటన్నా మొలిచింటే కద!" అని చెప్పి మరీ నవ్వాను.

అప్పుడు పిల్లవాడు మంచం మీది ఫోను పట్టుకుని నోట్లో పెట్టుకోబోయాడు. లాక్కున్నాను. తెర మీద నిమిషాలు నడుస్తున్నాయి. అన్న ఇంకా లైనులోనే ఉన్నాడు.

"అన్నా..."

"నవ్వులే పాపా. నవ్వే వస్తాది ఎవురికైనా." గొంతు మామూలుగానే ఉంది. అలా ఉండడమే నాకు నచ్చలేదు. "రేపు కాక, వచ్చే సోమవారం పుట్టెంటికలు కదా. నేను రాను. గురు బావ తమ్ములెవురన్నా ఉంటే కూర్చోబెట్టు."

"అదేందన్నా? మేనమామ ఒళ్లో కాకుండా యాడ కూర్చోబెడతారు? ఫస్టు నువ్వే కత్తిరించల్ల."

"జుట్టు లేనోడు పోయి పిల్లోని జుట్టు తీస్తాంటే బాగుండదులే. పిల్లోన్ని చూసుకో."

అంతే, పెట్టేశాడు.

ఫోను నా చేతిలోంచి అత్త తీసుకుంది. ఆమె ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. "మల్లా చెయ్యి," అంది. "ఆ పొద్దు హగరి ఏటిగట్టు గుడికాడ మనవడూ గుండే, మామా గుండే. ఇద్దురూ సరిపోతారని నేను చెప్పినానని చెప్పు. టోపీ లేకుండా రమ్మను. ఎవురేమంటారో నేను చూస్తా."

మళ్ళీ చేశాను. స్విచాఫ్. సోమవారం స్విచాఫ్. మంగళవారం కొట్రేశ్‌కు చేశాను.

"అంగడి తెరవలేదక్కా రెండు దినాల నుండి. ఊరికి పోయిండొచ్చు."

"ఏ ఊరికప్పా?"

మా అన్నకు పోవడానికి నా ఇల్లు తప్ప ఊరు లేదు. "ఎనక ఇంటి తలుపు కొట్టి చూడప్పా" అని బతిమాలాను. "నేను పోతే బాగుండదులేక్కా, ఆ వీడియో నేనే నలుగురికి పంపితి," అన్నాడు. సిగ్గుపడడానికి కూడా కొందరు సరైన సమయం చూసుకోరు.

ఇవాళ బుధవారం. మా ఆయన రాయచూరుకు లోడుతో వెళ్లాడు, రేపు సాయంత్రం కానీ రాడు. ఫోనులో అడిగితే, "బావ మూతి ముడుచుకుని కూర్చున్యాడు, రెండు దినాల్లో సరిపోతాడులే, నేనొచ్చినాక పోదాం" అన్నాడు. పిల్లవాడికి నిన్నటి నుంచి ఒళ్లు కాలిపోతోంది. ఎక్కడికీ తిప్పవద్దని డాక్టరమ్మ చెప్పింది. అత్త తనే పోతానని చీర మార్చుకుంది కానీ, మోకాళ్ళు పట్టేసి మెట్ల దగ్గరే కూర్చుండిపోయింది. ఈ పొద్దున ఏడింటికి ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఏ ఫోటో రాలేదు. కుడిపక్క ఏమీ లేదని చెప్పడానికైనా ఒక్క ఫోటో రాలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళలో ఎవరైనా బళ్ళారిలో సిరుగుప్ప బస్సు ఎక్కుతుంటే దారిలో తెక్కలకోటలో దిగండి. బస్టాండుకు ఎదురుగా నీలం రేకు తలుపు అంగడి, మూసే ఉంటుంది. పక్క సందులోంచి వెళితే వెనక ఇల్లు. శరణ్ అని పిలవండి. వినూత పంపిందని చెప్పండి. ఓదార్చకండి, వైద్యాలు చెప్పకండి, నెత్తి వైపు చూడకండి. మనిషి ఉన్నాడా, తిన్నాడా, అది చూడండి. మొదటిసారికి తలుపు తీయకపోతే ఇంట్లో లేడనుకుని తిరిగి వచ్చేయకండి. మళ్ళీ కొట్టండి. పలికేదాకా కొట్టండి.